సీనాయి బైబిలును నేనే రాశానన్న మనిషి: సిమొనిడిస్ వాదన ఎక్కడ నిలవలేదు

1862 సెప్టెంబరు 3న ఇంగ్లండులో గార్డియన్ అనే చర్చి వారపత్రికలో ఒక ఉత్తరం అచ్చయింది. (అప్పట్లో మాంచెస్టర్ నుంచి వచ్చిన, నేడు అదే పేరుతో ఉన్న దినపత్రిక వేరు.) ఉత్తరం రాసినవాడు కాన్‌స్టాంటిన్ సిమొనిడిస్ అనే గ్రీకు లేఖకుడు. జర్మన్ పండితుడు టిషెన్‌డార్ఫ్ సీనాయి కొండ మఠం నుంచి తెచ్చి, నాలుగో శతాబ్దపు బైబిలు అని ప్రపంచానికి చాటుతున్న రాతప్రతి అసలు ప్రాచీనమే కాదని, 1840 ప్రాంతంలో తన చేత్తో తానే రాశానని అందులో ప్రకటించాడు.

ఆ వాదం అప్పట్లోనే తేలిపోయింది. అయినా ఈ మధ్య వీడియోల్లోనూ వాట్సాప్ సందేశాల్లోనూ మళ్లీ తిరుగుతోంది. కారణం ఊహించడం కష్టం కాదు. మార్కు 16వ అధ్యాయం 9 నుంచి 20 వరకు, యోహాను 7:53 నుంచి 8:11 వరకు ఉన్న వచనాలు కొన్ని ప్రాచీన ప్రతుల్లో లేవని నేటి బైబిలు ప్రచురణల్లో అడుగున సూచిక కనిపిస్తుంది. అలా లేని ప్రతుల్లో ముఖ్యమైనది ఈ సీనాయి ప్రతి. అది నకిలీ అని తేలితే ఆ సూచిక బలం చాలావరకు పోతుంది. అందుకే సిమొనిడిస్ మాట నిజమైతే బాగుండునని కోరుకునేవారు ఇప్పటికీ ఉన్నారు. కోరికను పక్కనపెట్టి, ఆయన చెప్పిన కథను ప్రతితో పక్కపక్కన పెట్టి చూద్దాం.

ముందు టిషెన్‌డార్ఫ్ వైపు కథ

టిషెన్‌డార్ఫ్ 1844లో ఈజిప్టులోని సీనాయి కొండ దిగువన ఉన్న సెయింట్ కేథరిన్ మఠానికి వెళ్లాడు. అక్కడ ఒక బుట్టలో పాత చర్మపత్రాలు ఉన్నాయని, అవి పొయ్యిలోకి పోవడానికి సిద్ధంగా ఉన్నాయని తర్వాత రాశాడు. మఠం వారు ఆ మాటను ఏనాడూ ఒప్పుకోలేదు. వాటిలో 43 ఆకులు ఆయన చేతికి వచ్చాయి. వాటిని జర్మనీలోని లైప్‌జిగ్‌కు తీసుకెళ్లి, 1846లో ఉన్నదున్నట్టు నకలుగా ప్రచురించాడు. 1853లో మళ్లీ వెళ్లినా మిగతాది దొరకలేదు. మూడోసారి, 1859 ఫిబ్రవరి 4న, మఠం నిర్వాహకుడు ఎర్రగుడ్డలో చుట్టిన పెద్ద కట్టను తెచ్చి చూపించాడు. పాత నిబంధనలో చాలా భాగం, కొత్త నిబంధన మొత్తం, దాంతోపాటు నేటి బైబిలులో లేని తొలి క్రైస్తవ రచనలైన బర్నబా పత్రిక, హెర్మాస్ రాసిన 'కాపరి' గ్రంథంలో కొంత భాగం అందులో ఉన్నాయి.

తిరిగి ఇస్తానని రసీదు రాసిచ్చి, ఆ ఏడాది సెప్టెంబరులో ఆయన ప్రతిని తీసుకెళ్లాడు. అది రష్యా చక్రవర్తికి చేరింది. 1862లో నాలుగు సంపుటాలుగా అచ్చయింది. మఠం దాన్ని కానుకగా ఇచ్చినట్టు పత్రం 1869లో కుదిరింది. మఠానికి 9,000 రూబుళ్లు అందాయి. 1933లో సోవియట్ ప్రభుత్వం దాన్ని లక్ష పౌండ్లకు బ్రిటిష్ మ్యూజియంకు అమ్మింది.

ఆ రసీదు విషయంలో మఠానికి న్యాయం జరగలేదని నా అభిప్రాయం. కానీ ప్రతి ఎవరి సొత్తు అన్నది ఒక ప్రశ్న, ప్రతి వయసెంత అన్నది వేరొక ప్రశ్న. ఈ రెండింటినీ కలిపేయడం వల్లే సగం గందరగోళం వస్తోంది. టిషెన్‌డార్ఫ్ మాట తప్పాడని ఒప్పుకున్నంత మాత్రాన ఆయన తెచ్చిన ఆకులు పందొమ్మిదో శతాబ్దానివి అయిపోవు.

సిమొనిడిస్ ఎవరు, ఏం చెప్పాడు

గ్రీకు పెద్దక్షరాల లిపిని ప్రాచీన పద్ధతిలో రాయడంలో ఆయన నిజంగా దిట్ట. నేటి గ్రీసులోని ఆథోస్ కొండ మఠాల్లో కొంతకాలం ఉన్నాడు. 1850లలో ఇంగ్లండు వచ్చి రాతప్రతులు అమ్మాడు. వాటిలో అసలైనవీ ఉన్నాయి, నకిలీవీ ఉన్నాయి. ముందు నికార్సైన ప్రతిని చూపించి నమ్మకం సంపాదించడం, ఆ వెనుక తాను తయారుచేసినదాన్ని బయటికి తీయడం ఆయన పద్ధతి. సర్ థామస్ ఫిలిప్స్ లాంటి పెద్ద సేకర్త ఆయన దగ్గర కొన్నాడు. బ్రిటిష్ మ్యూజియంలో ఫ్రెడరిక్ మాడెన్ మాత్రం అసలైనవి ఏరుకుని మిగతావి వద్దన్నాడు.

1856లో యురేనియస్ అనే చరిత్రకారుడు రాసిన ఈజిప్టు రాజుల చరిత్ర అంటూ 71 ఆకుల ప్రతిని బెర్లిన్‌లో అమ్మబోయాడు. పాత రాతను గీకేసి, పైన మరో గ్రంథం రాసిన పత్రాలు అవి. అడుగున మసకగా కనిపించేదే యురేనియస్ రాత అన్నాడు. విల్‌హెల్మ్ డిండార్ఫ్ లాంటి గ్రీకు పండితుడు నమ్మాడు. 5,000 థాలర్లకు (అప్పటి జర్మన్ నాణేలు) బేరం కుదిరింది. ఇంతలో టిషెన్‌డార్ఫ్, లైప్‌జిగ్‌లోని లికుర్గోస్ అనే గ్రీకు పండితుడు అనుమానం లేవనెత్తారు. శాస్త్రవేత్త ఎరెన్‌బెర్గ్ సూక్ష్మదర్శినితో చూస్తే గుట్టు బయటపడింది. అడుగున ఉండాల్సిన 'పాత' సిరా, కొన్ని చోట్ల పైనున్న కొత్త సిరా గీతల మీదుగా పోయింది. ముందు రాసినది తర్వాత రాసినదాని మీదికి ఎలా ఎక్కుతుంది? సిమొనిడిస్‌ను అరెస్టు చేసి, తర్వాత విడిచిపెట్టారు.

సిమొనిడిస్‌ను పట్టించినవాళ్లలో టిషెన్‌డార్ఫ్ ఒకడన్న సంగతి గుర్తుంచుకోవాలి. దీనికి ఇంకో ముడి కూడా ఉంది. హెర్మాస్ 'కాపరి' గ్రీకు పాఠాన్ని మొదట లైప్‌జిగ్‌కు చేర్చినవాడు సిమొనిడిసే. ఆ పాఠం లాటిన్ నుంచి మధ్యయుగంలో వెనక్కి అనువదించినది అని టిషెన్‌డార్ఫ్ కొట్టిపారేశాడు. తీరా సీనాయి ప్రతిలో హెర్మాస్ గ్రీకు పాఠం దొరికాక తన మాట వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. ఇద్దరి మధ్యా పగకు కావలసినంత ఉంది. కాబట్టి ఇందులో ఎవరి నోటిమాటా మనకు ఆధారం కాకూడదు.

ఇక 1862 నాటి కథ ఇది. ఆథోస్‌లోని పాంతలేమోన్ మఠంలో పెద్దగా ఉన్న తన బంధువు బెనెడిక్ట్, రష్యా చక్రవర్తి మొదటి నికొలస్‌కు ఒక కానుక పంపాలనుకున్నాడు. ప్రాచీన లిపిలో చర్మపత్రాల మీద మొత్తం బైబిలు రాయించాలని తలచాడు. మఠం లేఖకుడు డయోనిసియస్ తన వల్ల కాదన్నాడు. సిమొనిడిస్ పూనుకున్నాడు. మఠంలో దాదాపు ఖాళీగా ఉన్న పాత చర్మపత్రాల పుస్తకం ఒకటి దొరికింది. రాతలున్న కొన్ని ఆకులు తీసేసి మిగతావి వాడుకున్నాడు. మాస్కోలో అచ్చయిన బైబిలును మూలంగా పెట్టుకుని, ఆథోస్ ప్రతులతో పోల్చి, పాత కొత్త నిబంధనలు, బర్నబా పత్రిక, హెర్మాస్ మొదటి భాగం రాశాడు. 1839 చివర మొదలుపెట్టాడు. 1840 ఆగస్టులో బెనెడిక్ట్ చనిపోయాడు, చర్మపత్రాలూ అయిపోయాయి, అక్కడితో ఆపాడు. కాన్‌స్టాంటినోపుల్‌లో మాజీ పాట్రియార్క్ (తూర్పు చర్చి అధిపతి) కాన్‌స్టాంటియస్ సలహా మీద ప్రతి సీనాయికి చేరింది. తర్వాత చూస్తే, పాతదిగా కనిపించేలా ఎవరో దాన్ని మార్చేశారట. కల్లినికోస్ అనే సన్యాసి పేరుతో ఈ కథను సమర్థించే ఉత్తరాలు కూడా వచ్చాయి. రాతను మసకబార్చడానికి నిమ్మరసం వాడారన్న మాట వాటిలోదే. ఆ ఉత్తరాలు సిమొనిడిసే రాసుకున్నాడని ప్రత్యర్థుల అనుమానం.

కథలో నిజాలు లేకపోలేదు. బెనెడిక్ట్ ఉన్నాడు, ఆథోస్ నివాసం నిజం, కాన్‌స్టాంటియస్‌కు సీనాయితో సంబంధం నిజం. నకిలీ పత్రాల్లో లాగే కథలోనూ ఆయన అసలు ముక్కల మధ్యే కల్పనను పేర్చాడు.

రోజుకు ఎన్ని అక్షరాలు?

అందరూ ముందుగా ఎత్తే వాదన వేగం గురించి. లెక్క వేసి చూద్దాం. ప్రతి పుట దాదాపు 38 సెంటీమీటర్ల పొడవు, 34 వెడల్పు. పుటకు నాలుగు నిలువు వరుసలు, వరుసకు 48 పంక్తులు, పంక్తికి సుమారు 13 అక్షరాలు. అంటే పుటకు దాదాపు 2,500. పూర్తి ప్రతిలో 730కి పైగా ఆకులు ఉండేవని అంచనా, అంటే 1,460 పుటలు. కీర్తనల వంటి పద్యగ్రంథాలు రెండే వరుసల్లో ఉంటాయి కాబట్టి తగ్గించి 33 లక్షల అక్షరాలు అనుకుందాం. 250 రోజులకు పంచితే రోజుకు 13,200. కలం ముంచుకునే సమయంతో కలిపి అక్షరానికి 3 సెకన్లు చొప్పున రోజుకు 11 గంటలు, ఒక్క రోజు సెలవు లేకుండా. పంక్తులు గీయడం, వేరే ప్రతులతో పోల్చడం, తప్పులు దిద్దడం ఈ లెక్కలో లేవు.

ఇది దాదాపు అసాధ్యం. అయినా దీన్ని బలమైన వాదనగా నేను చూడను. మహా వేగంగా రాసే లేఖకుడు ఒకడున్నాడని ఎవరైనా పట్టుబడితే జవాబు చెప్పడం కష్టం. కేంబ్రిడ్జిలో రాతప్రతులు చూసుకున్న హెన్రీ బ్రాడ్‌షా 1863 జనవరిలో అదే పత్రికకు రాస్తూ, తాను లైప్‌జిగ్‌లో ప్రతిని స్వయంగా చూశానని, దాని ప్రాచీనత మీద తనకు రవ్వంత సందేహం లేదని చెప్పాడు. ఆయన కన్ను గొప్పదే. కానీ చూడని పాఠకుడికి అది ఆధారం కాదు. ఆధారం ప్రతిలోని తప్పుల్లో ఉంది.

తప్పులు చెప్పే సాక్ష్యం

తాళపత్రాలు చూసినవారికి లేఖకుడు చివర రాసుకునే మాట తెలుసు: పుస్తకంలో ఏది చూశానో అదే రాశాను, దోషం నాది కాదు. లేఖకుడి తప్పు చాలాసార్లు అతని ముందున్న మూలం ఎలా ఉందో చెబుతుంది. సీనాయి ప్రతిలో దీనికి అద్భుతమైన ఉదాహరణ ఉంది.

లైప్‌జిగ్‌లోని ఆకుల్లో ఎజ్రా గ్రంథం రావలసిన చోట మొదటి దినవృత్తాంతముల పాఠం నడుస్తూ ఉంటుంది. 19వ అధ్యాయం 17వ వచనం దగ్గర, కొత్త పంక్తి కూడా మొదలుపెట్టకుండా, పాఠం హఠాత్తుగా ఎజ్రా 9:9లోకి దూకుతుంది. లేఖకుడికి తెలియనే లేదు. తర్వాత ఎప్పుడో దిద్దిన చెయ్యి మూడు సిలువ గుర్తులు పెట్టి, ఇక్కడితో ముగిసే ఏడు ఆకులు ఎజ్రావి కావని అంచున రాసింది. ఇలాంటి తప్పు ఎలా వస్తుంది? లేఖకుడి ముందున్న, లేదా అంతకు ముందరి మూలప్రతిలో ఆకులు తారుమారై కుట్టి ఉంటే వస్తుంది. అధ్యాయాలు, వచనాల సంఖ్యలు ఉన్న మాస్కో అచ్చు బైబిలు చూసి రాసేవాడు దినవృత్తాంతముల మధ్య నుంచి ఎజ్రా మధ్యలోకి ఎలా పడతాడు?

ఇంకొకటి లూకా 10:32. మంచి సమరయుడి కథ. యాజకుడు వచ్చి చూసి పక్కగా పోయాడు, ఆ వెనుక లేవీయుడు వచ్చి చూసి పక్కగా పోయాడు. గ్రీకులో 31, 32 వచనాలు ఒకే క్రియాపదంతో ముగుస్తాయి. తెలుగు బైబిలులోనూ రెండింటి చివరా 'ప్రక్కగా పోయెను' అనే ఉంటుంది. సీనాయి ప్రతి రాసినవాడి కన్ను మొదటి చోటి నుంచి రెండో చోటికి జారింది. లేవీయుడు మొత్తానికే ఎగిరిపోయాడు. ఇలాంటి జారుళ్లు ప్రతిలో చాలా ఉన్నాయి. 1864లో ప్రతి పాఠాన్ని అక్షరం అక్షరంగా పోల్చి ప్రచురించిన ఇంగ్లిష్ పండితుడు స్క్రివెనర్ వీటి మీద గట్టిగా నిలబడ్డాడు. చక్రవర్తికి కానుకగా వెళ్లే పుస్తకాన్ని, అచ్చుప్రతి ముందు పెట్టుకుని, ఆథోస్ ప్రతులతో పోల్చి రాసినవాడి పని ఇలా ఉండదు.

ఆ పైన, పాఠం మాస్కో బైబిలు పాఠం కానే కాదు. వేల చోట్ల తేడా. ఆ తేడాలు గాలివాటంగా వచ్చినవి కావు, చాలా చోట్ల వాటికన్‌లోని ప్రాచీన ప్రతితో కలుస్తాయి. వాటికన్ ప్రతి పూర్తి పాఠం అచ్చులో బయటికొచ్చింది 1857లో. 1840లో ఆథోస్‌లో కూర్చున్న యువకుడికి అది అందే దారి లేదు.

చేతిరాత సంగతి. ప్రతి రాసింది ఒక్కరు కాదు. టిషెన్‌డార్ఫ్ నలుగురిని గుర్తించాడు. 1938లో మిల్న్, స్కీట్ అనే పండితులు లండన్‌లో మళ్లీ పరిశీలించి ముగ్గురని తేల్చారు. లిపి ఒకే ఒరవడిది కాబట్టి అక్షరాల ఆకారం చూసి వేరుచేయడం కష్టం. పట్టిచ్చేది గుణింత దోషాలు. నాలుగో శతాబ్దం నాటికే గ్రీకులో కొన్ని అచ్చుల పలుకు ఒకటైపోయింది. విని గుర్తున్నట్టు రాసేవాడు ఒకదానికి బదులు మరొకటి వేస్తాడు, మనలో కొందరు 'శ', 'ష' తారుమారు చేసినట్టు. ముగ్గురిలో ఒకడు దాదాపు శుద్ధంగా రాస్తాడు, ఇంకొకడు విచ్చలవిడిగా తప్పులు రాస్తాడు. ఆ అలవాటు అతని వంతు పుటలన్నిటా ఒకేలా ఉంటుంది. శుద్ధంగా రాసేవాడు కొన్ని చోట్ల సహచరుడి ఆకులు తీసేసి తానే తిరగరాశాడు. మార్కు చివర, లూకా మొదలు ఉన్న జంట ఆకులు అలాంటివే. ఒక్క మనిషి కొన్ని నెలల్లో ముగ్గురి అలవాట్లను వందల పుటల పొడవునా తడబడకుండా నటించాలి. అది కనిపెట్టే పద్ధతులు అప్పటికి ఎవరికీ లేవు, అంటే ఎవరికోసం నటించాలో కూడా తెలియదు.

దిద్దుబాట్లు ఇంకో పొర. మిగిలిన పుటల్లో దాదాపు 23,000 సవరణలు ఉన్నాయి. కొన్ని రాసిన చోటే జరిగినవి, కొన్ని ఏడో శతాబ్దం నాటి చేతులవి, మరికొన్ని అంతకంటే తర్వాతివి. అరబీ టిప్పణాలు కూడా ఉన్నాయి. ఎస్తేరు చివర ఒక సవరణకారుడు, పాంఫిలస్ అనే తొలి క్రైస్తవ పండితుడు చెరసాలలో ఉండగా సరిచూసిన ప్రతితో దీన్ని పోల్చామని రాసుకున్నాడు. సిరా ఇనుప లవణం, మాచికాయ కలిపి చేసినది. చర్మపత్రంలో వెంట్రుక వైపు సిరా బాగా పడుతుంది, మాంసం వైపు కాలక్రమంలో రాలిపోతుంది. ఈ ప్రతిలో అలా రాలిన చోట్లను తర్వాతివారు మళ్లీ దిద్దారు. నిమ్మరసం పూస్తే మొత్తం పుట మీద రంగు తగ్గుతుంది. వెంట్రుక వైపు ఒకలా, మాంసం వైపు ఇంకోలా పాతబడి, దాని మీద వేర్వేరు శతాబ్దాల చేతులు దిద్దిన పొరలు ఏర్పడవు.

లైప్‌జిగ్ ఆకులు తెల్లగా, లండన్ ఆకులు పసుపుగా ఉన్నాయి కాబట్టి ఎవరో రంగు వేశారు అన్నది కొత్తగా వచ్చిన వాదన. 2009లో ప్రతి మొత్తాన్ని ఇంటర్నెట్‌లో పెట్టినప్పుడు ఫొటోలు వేర్వేరు నగరాల్లో, వేర్వేరు దీపాల కింద తీశారు. రెండు ఆకుల రంగు పోల్చాలంటే రెంటినీ ఒకే వెలుతురులో, ఒకే రంగుపట్టీ పక్కన పెట్టి చూడాలి. కంప్యూటరు తెరమీద పక్కపక్కన పెట్టిన రెండు ఫొటోలు తోలు రంగు గురించి ఏమీ చెప్పలేవు.

సీనాయిలోనే దొరికిన సమాధానాలు

1761లో విటాలియానో డొనాటి అనే ఇటలీ యాత్రికుడు సీనాయి మఠాన్ని చూశాడు. పెద్దవి, పలుచనివి, చతురస్రంగా ఉన్న అందమైన చర్మపత్రాల మీద గుండ్రని అక్షరాలతో రాసిన బైబిలు అక్కడ చూశానని దినచర్యలో రాసుకున్నాడు. అది అచ్చయింది 1879లో, వివాదం చల్లారాక. చతురస్రాకారపు పెద్ద బైబిలు ప్రతులు మామూలుగా ఉండవు కనుక ఆయన చూసింది ఇదేనని ఎక్కువమంది నమ్మకం. నాకూ అలాగే అనిపిస్తుంది. అయితే దీన్ని బలమైన సూచనగానే తీసుకోవాలి.

అంతకంటే గట్టిది పుస్తకాల అట్టల్లో దొరికింది. పాత ఆకులను కత్తిరించి కొత్త పుస్తకాల అట్టలకు బలంగా అతికించడం మఠాల్లో మామూలే. ఈ ప్రతి తాలూకు తునకలు కొన్నిటిని రష్యన్ పండితుడు ఉస్పెన్‌స్కీ 1845లోనే అట్టల నుంచి తీశాడు. 2009లో నికోలస్ సారిస్ అనే పరిశోధకుడు మఠంలోనే ఒక అట్ట కింద యెహోషువ గ్రంథపు తునకను చూసి, అది సీనాయి ప్రతి ఆకేనని గుర్తించాడు. ఆ అట్ట కట్టింది పద్దెనిమిదో శతాబ్దంలో. 1840లో రాసిన ఆకు అంతకు ముందరి శతాబ్దపు అట్టలోకి చేరలేదు.

ఇక 1975. మఠంలో మరమ్మతుల సమయంలో ఒక గోడ వెనుక గదిలో రాతప్రతుల రాశి బయటపడింది. అందులో సీనాయి ప్రతివి 12 ఆకులు, కొన్ని తునకలు ఉన్నాయి. సిమొనిడిస్ కథ ప్రకారం హెర్మాస్ మొదటి భాగం దగ్గర చర్మపత్రాలు అయిపోయాయి, అక్కడితో రాత ఆగింది. 1862 నాటికి లోకానికి తెలిసిన ప్రతి కూడా సరిగ్గా అలాగే హెర్మాస్‌లో 31వ అధ్యాయం దగ్గర తెగిపోయి ఉంది. అందుకే ఆయన కథ అప్పట్లో అంత చక్కగా అతికింది. 1975లో దొరికిన ఆకుల్లో హెర్మాస్ 65 నుంచి 68, 91 నుంచి 95 అధ్యాయాల ముక్కలు ఉన్నాయి. అదే ప్రతి, అదే నాలుగు వరుసల పుట. తాను రాయనే లేదని సిమొనిడిస్ స్వయంగా చెప్పిన భాగం అది.